మొదటి కారు, అదీ సెకండ్ హ్యాండ్: బయానా ఇచ్చే ముందు ఒక పాఠం



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయ్యాక ఒక అమ్మగారు అడిగారు: "మేడమ్, డ్రైవింగ్ నేర్చుకున్నాను. పిల్లల్ని నేనే దింపుదామని సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నాం. ఏది తీసుకుంటే మంచిది?" నేను మెకానిక్‌ని కాను. కానీ నా మొదటి కారు కొనేటప్పుడు ఈ హోంవర్క్ అంతా చేశాను. అది మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

1. ముందు మన గల్లీని కొలవండి

గౌలిపుర నుంచి లాల్‌దర్వాజా వైపు సాయంత్రం ఆరింటికి ఒకసారి నడిచి చూడండి. ఎదురుగా ఆటో, పక్కన స్కూటర్, మధ్యలో తోపుడు బండి. కొత్తగా స్టీరింగ్ పట్టినవాళ్లకు ఇక్కడ చిన్న కారే మేలు. ఆల్టో పొడవు సుమారు 3.4 మీటర్లు, వ్యాగన్ఆర్ 3.6, స్విఫ్ట్ 3.8. ఇంటి ముందు కారు ఆపే చోటును టేపుతో కొలవండి. పిల్లలు దిగడానికి తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, ఆ జాగా కూడా కలపండి.

2. తయారైన నెల, సంవత్సరం అడగండి

2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు ఏబీఎస్, అదే ఏడాది జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు కార్లలో ఇవి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. బడ్జెట్ అనుమతిస్తే 2019 తర్వాతి కారే చూడండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కాసేపట్లో ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా అనుమానించాల్సిందే.

వెనక సీటు బెల్టులన్నీ లాగి, పెట్టి చూడండి. చాలా కార్లలో అవి సీటు కింద ఇరుక్కుపోయి ఉంటాయి. 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టు లేకుండా కూర్చోబెడితే చట్టం ప్రకారం 1,000 రూపాయల జరిమానా. జరిమానా సంగతి అటుంచండి, ఆ సీట్లో కూర్చునేది మన పిల్లలే కదా.

టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. ఈ లెక్క పిల్లలతో చదివించండి, సరదాగా నేర్చుకుంటారు.

3. నీళ్లలో మునిగిన కారా?

2020 అక్టోబర్ వానలు మనమెవరం మరచిపోలేదు. హఫీజ్‌బాబానగర్, అల్ జుబైల్ కాలనీ నీట మునిగాయి. అలా మునిగిన కారును కడిగి, పాలిష్ పెడితే పైకి కొత్తదానిలా మెరుస్తుంది. లోపల వైర్ల కనెక్షన్లు మెల్లగా తుప్పు పడతాయి. ఆ వైర్ల మీదే ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ ఆధారపడతాయి.

అందుకే సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి, బురద మరక ఉందేమో. కింద మ్యాటు ఎత్తి వాసన చూడండి. సీటు పట్టాలు, స్టెప్నీ పెట్టే గుంట తుప్పు పట్టాయేమో చూడండి. కారులో సెంటు వాసన మరీ ఎక్కువగా కొడుతుంటే ఇంకా జాగ్రత్త.

4. చల్లని ఇంజిన్‌తో నడపండి

"మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మరో రోజు వస్తామనండి. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ లాంటి ఎత్తు ఎక్కించండి. ఇంజిన్ అరుస్తున్నా వేగం పెరగకపోతే క్లచ్ అరిగినట్టే. మీకు తెలిసిన మెకానిక్‌నే తీసుకెళ్లండి, అమ్మేవారు చూపించినవారిని కాదు.

5. కాగితాలు

ఆర్‌సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లు కారు మీదవాటితో సరిపోవాలి. బండి నంబరుతో ఈ-చలాన్ బాకీలు చూడండి. లోన్ ఉంటే, అది తీరినట్టు బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకోండి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్పించుకోండి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజు మన కారు రిపేరు క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. అమ్మినవారి నో క్లెయిమ్ బోనస్ మనకు రాదు, ఆ తేడా కట్టాలి.

6. పిల్లలతో చేయించాల్సిన లెక్క

రోజుకు 15 కిలోమీటర్లు, నెలకు 26 రోజులు: మొత్తం 390 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే 26 లీటర్లు. ఈ రోజు పెట్రోలు ధరతో గుణించమనండి. దానికి ఇన్సూరెన్స్, సర్వీసు కలపమనండి. ఉన్న డబ్బంతా కారు ధరకే పెట్టకండి. టైర్లకు, బ్యాటరీకి, మొదటి సర్వీసుకు కొంత పక్కన ఉంచండి.

చివరిగా ఒక మాట. కారు ఇంటికొచ్చాక తొమ్మిదో, పదో తరగతి అబ్బాయి "ఒక్క రౌండ్" అని తాళం అడుగుతాడు. ఇవ్వకండి. మైనర్ నడిపి పట్టుబడితే తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు ఉంటాయని 2019 సవరణ చట్టం చెబుతోంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సూ రాదు.

ఆ అమ్మగారితో చెప్పిందే మీకూ చెబుతున్నాను: "ఈ రోజే బయానా ఇవ్వకపోతే కారు పోతుంది" అని ఎవరైనా తొందర పెడితే, పోనివ్వండి. ఇంకోటి దొరుకుతుంది.