మిర్చి సీజన్లో ‘ఇంకొక్క టర్ను’

సమస్య:

నాకు 31 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమస్తాను. పెదనందిపాడు వైపు మా ఊళ్లో నాన్న పత్తి, మిర్చి వేస్తారు. ఆదివారం నేనూ వెళ్లక తప్పదు. ఫిబ్రవరి వచ్చిందంటే ఇక రాత్రీ పగలూ తెలియదు. తెల్లారకముందే టిక్కీ బస్తాలు దింపించి లాట్లు వేయించాలి, కొనేవాళ్లకు శాంపిళ్లు చూపించాలి. బేరాలయ్యాక కాటాలు, ఆ తర్వాత రైతులకు లెక్క పట్టీలు. ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటుతుంది.

తాగుడూ పేకాటా లేవు. ఇంజనీరింగ్ హాస్టల్లో అంటుకున్న సివిలైజేషన్ అనే కంప్యూటర్ ఆట ఒక్కటే ఉంది. ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేయాలి, తొందరేమీ ఉండదు, ఎంతసేపు ఆలోచించినా కంప్యూటర్ ఏమీ అనదు. పదింటికి అరగంట ఆడదామని కూర్చుంటాను. ‘ఇంకొక్క టర్ను’ అనుకుంటూ ఉండగానే రెండవుతుంది. మర్నాడు కాటా దగ్గర కళ్లు మూతలు పడుతున్నాయి. మొన్న ఒక పట్టీలో అంకె తప్పు రాసి షావుకారుతో మాట పడ్డాను. పోనీ పది రోజులు ముట్టకుండా ఉండి మళ్లీ తెరిస్తే, ఏ సైన్యాన్ని ఎటు నడిపిస్తున్నానో గుర్తుండదు. విసుగొచ్చి కొత్త ఆట మొదలెడతాను. ఈ ఏడాది ఒక్క ఆటా చివరికంటా వెళ్లలేదు.

మాకు పది నెలల పాప. ‘ఆ ఆటను తీసేస్తావా, నన్ను పుట్టింట్లో దింపుతావా’ అంటోంది మా ఆవిడ. నిజంగానే మానేయాలంటారా?

– ఒక గుమస్తా, గుంటూరు

సలహా:

తీసేయనక్కర్లేదు. అలాగని మీ ఆవిడ కోపం తప్పనీ అనను. ముందు ఆట సంగతి చూద్దాం.

మన పాత గుళ్ల మండపాల్లో, అరుగుల మీద రాతిలో చెక్కిన పులి-మేక గీతలు చూసే ఉంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. అదీ ఎత్తుకు ఎత్తు ఆటే. కానీ మేకలైనా తరిగిపోతాయి, పులులైనా కదల్లేక కట్టుబడిపోతాయి. ఆట దానంతటదే తెమిలి, కూర్చున్నవాళ్లు లేచిపోతారు. 1991లో సిడ్ మైయర్ పేరుతో వచ్చిన సివిలైజేషన్ తీరు వేరు. ఒక నగరంలో ధాన్యాగారం రెండు టర్నుల్లో పూర్తవుతుంది, పక్క నగరంలో గోడకు మూడు, రేవులో ఓడకు ఐదు. ఎప్పుడు చూసినా ఏదో ఒకటి ‘ఇదిగో అయిపోవచ్చింది’ అన్నట్టే ఉంటుంది, అన్నీ ఒకేసారి అయిపోవడమంటూ ఉండదు. ఆరో సివిలైజేషన్లో మామూలు వేగంతో పూర్తి ఆట 500 టర్నులు. ఆపడానికి మంచి చోటు కోసం ఎదురుచూస్తూ మీరు రెండు దాకా కూర్చోవడంలో వింత లేదు, అలాంటి చోటు అందులో లేదు. ఆపేది బయటి నుంచి రావాలి.

పదిన్నరకు ఫోన్లో అలారం పెట్టి, ఆ ఫోన్ను పక్క గదిలో ఉంచండి. మోగినప్పుడు టర్ను ముగించే మీట నొక్కకుండానే లేవండి. నొక్కారో, కొత్త కబుర్లు వచ్చి పడతాయి, వాటికి జవాబు చెప్పి గానీ మనసు లేవనివ్వదు. లేచేముందు ఒక నోటుబుక్కులో మూడు ముక్కలు రాసుకోండి: యుద్ధం ఎవరితో, సైన్యం ఎటు పోతోంది, తర్వాత ఏం కట్టాలి. రోజూ పట్టీలు రాసే చేతికి ఇదొక లెక్కా! పది రోజుల తర్వాత తెరిచినా దారి దొరుకుతుంది.

అయితే సీజన్లో ఇదీ చాలదు. ఐదింటికి యార్డుకు పరిగెత్తే మనిషి సోమవారం నుంచి గురువారం దాకా ఈ ఆట తెరవకూడదని నా అభిప్రాయం. ఆ నాలుగు రోజులకు చిన్న ఆటలు ఉన్నాయి. పాలిటోపియాలో 30 టర్నులకే ముగిసే పద్ధతి ఉంది, ఫోన్లో ఆడుకోవచ్చు. ఇన్‌టు ద బ్రీచ్‌లో ఎనిమిది గళ్లకు ఎనిమిది గళ్ల పలక, ఒక్కో పోరు నాలుగైదు టర్నులే. నా మాట వింటే వీటికంటే చదరంగం మేలు. ఒకప్పుడు కార్డు మీద ఎత్తు రాసి పోస్టు చేసి జవాబు కోసం వారాలు ఎదురుచూసేవారే, అదిప్పుడు లీచెస్ వెబ్‌సైట్‌లో ఉంది. ఒక్కో ఎత్తుకు 14 రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు. కాటాకూ కాటాకూ మధ్య టీ తాగుతూ ఒక ఎత్తు వేస్తే ఆ పూటకు సరి. 2001లో గ్రాండ్‌మాస్టరైన పెంటేల హరికృష్ణ మీ గుంటూరు వాడే, ఆ ఊళ్లో ఎదుటి ఆటగాడు దొరక్కపోడు.

శని, ఆదివారాలు యార్డుకు సెలవు కాబట్టి శుక్రవారం రాత్రి మీది. పన్నెండు దాకా ఆడుకోండి. మే, జూన్ నెలల మధ్య యార్డుకు వేసవి సెలవులిస్తారు కదా, 500 టర్నుల ఆట అప్పటికి దాచుకోండి. పొలంలో పత్తి తీతలు, యార్డులో మిర్చి జోరు కలిసొచ్చే రోజుల్లో రాజ్యం స్థాపించాలనుకోవడం మాత్రం అత్యాశ!

ఇక అసలు మాట. ఇంత పెద్ద ఉత్తరంలో మీ ఆవిడ కనబడింది ఒక్క వాక్యంలోనే, అదీ బెదిరింపుగా. రాత్రి ఒంటిగంటకు పాప లేస్తే ఎత్తుకునేది ఎవరో మీరు రాయలేదు, నేను అడగక్కర్లేదు. మీరు ఆటకు పెడుతున్న గంటల్లో సగం ఆమె నిద్రలోంచి తీసినవే. ఆమెకు తనకంటూ ఒక పూట ఉందా? సినిమా చూడ్డానికో, ఊరికే పడుకోవడానికో? శుక్రవారం రాత్రి మీకు కావాలంటే శనివారం పొద్దున లేచింది మొదలు మధ్యాహ్నం భోజనాల దాకా పాప బాధ్యత మీది. పాలు, స్నానం, నిద్రపుచ్చడం అన్నీ. ‘ఏది ఎక్కడుంది’ అని ఆమెను లేపకూడదు.

ఈ ఒప్పందం గురించి ముందు ఆమెతో మాట్లాడండి, ఆ తర్వాతే లాప్‌టాప్ తెరవండి. ఆమె వద్దంటే ఈ సీజన్ అయ్యేదాకా దాన్ని బీరువాలో పెట్టి తాళం ఆమెకివ్వండి.