సంచి నుంచి గుళికకి

చి. సురేష్‌కి,

చెరువులో చల్లిన తేలే మేత గుళికలు గాలికి కొట్టుకుపోయి గట్టు వారన చేరుతున్నాయని, ఒక్క చేపా నోరు పెట్టట్లేదని రాశావు. మేత కొట్టాయన కంపెనీ మార్చమన్నాడట. మార్చకు, ఆయన సరుకు ఆయన అమ్ముకోవాలి మరి.

నువ్వు వదిలింది జీరో సైజు చేపపిల్ల. ఇరుకు చెరువులో తవుడు సంచుల చుట్టూ పెరిగింది. మేతంటే నీళ్లలో వేలాడే సంచి, దాని కన్నాల్లోంచి రాలే తవుడు అనే దానికి తెలుసు. నెత్తిమీద తేలేది కూడా మేతేనని ఎవరు చెప్పారు? పైగా వలేసి లాగి, లారీలో కుదిపి తెచ్చారాయె. మొదటి రెండు మూడు రోజులు ఏ మేతకీ రాదు, వదిలెయ్యి.

సంచి ఒక్కసారిగా తీసెయ్యకు. నాలుగు పీవీసీ పైపులు చతురస్రంగా బిగించి, చివర్లు మూసి, నీళ్ల మీద తేలేలా గెడకి కట్టు. గుళికలు అందులోనే నిలుస్తాయి. ఆ పక్కనే సంచి వేలాడదియ్యి. గుళికల్ని దంచి పొడి చేసి తవుడులో కలుపు, ముందు రుచి తెలియాలి. తర్వాత సంచిని రోజూ కాస్త పైకి లాగుతూ, అదే వేళకి నాలుగు గుళికలు పైన చల్లు. చేప పైకి రావడం మొదలయ్యాకే తవుడు తగ్గించు. శీలావతి నోరు చిన్నది, కిందికి తిరిగి ఉంటుంది. 2 మిల్లీమీటర్ల గుళికతో మొదలెట్టు. బొచ్చె మాత్రం నీళ్లలోని సన్న పురుగుల్ని వడకట్టుకు తినే రకం, అది గుళికలకి ఎగబడలేదని దిగులు పడకు.

వెయ్యి చేపలు, ఒక్కోటి 150 గ్రాములనుకో. మొత్తం 150 కిలోలు. నూటికి రెండు చొప్పున రోజుకి 3 కిలోలు. అలవాటయ్యేదాకా అందులో మూడో వంతు చాలు. అరగంటయ్యాక మిగిలింది జల్లి వలతో తీసెయ్యి, మర్నాడు ఆ మేరకి తగ్గించు. తినలేదని మరో బస్తా గుమ్మరిస్తే అడుగున కుళ్లి నీరు పాడవుతుంది.

ఎండ కాస్త ఎక్కాక, తొమ్మిది దాటాక వెయ్యి. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆకలనుకునేవు, అది గాలి చాలక. అప్పుడు ఏరియేటర్ తిప్పాలిగానీ మేత వెయ్యకూడదు. మబ్బు పట్టిన రోజు కూడా తగ్గించు. మోచేతి దాకా ముంచితే అరచెయ్యి కనపడనంత పచ్చగా ఉందా నీరు? అయితే వాటి కడుపు అక్కడే నిండుతోంది, గుళికలకి ఆలస్యంగా వస్తాయి.

మేత వేసేటప్పుడు గట్టు మీద నలుగురూ చేరి మాట్లాడకండి. శీలావతికి బెదురెక్కువ.

ఇంకో మాట, మేత ఒకేసారి లారీడు దించకు. షెడ్డులో చెమ్మకి బూజు పడితే ఆ బస్తాలు పారబొయ్యాల్సిందే. నేలకి ఆనకుండా చెక్కల మీద పేర్పించు. వచ్చే వారం విసురు వల తెస్తాను, నాలుగు చేపలు పట్టి, మేత తిన్నాయో లేదో పొట్ట నొక్కి చూద్దాం.

మీ మావయ్య