ఇచ్చు చేయి, లెక్క చెప్పు చేయి

చదువవలసిన భాగములు: మార్కు 12:38-44, 1 కొరింథీయులకు 16:1-4, 2 కొరింథీయులకు 8వ అధ్యాయము.



కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరు దినములలో సంఘపు చందా మాట ప్రతి గ్రామములోను వచ్చును. కొందరు సంతోషముతో ఇత్తురు. కొందరు ఇచ్చి సణుగుకొందురు. "మేమెందుకు ఇయ్యవలెను? ఇచ్చినది ఏమగుచున్నది?" అని మరి కొందరు అడుగుదురు. ఈ రెండు ప్రశ్నలును న్యాయమైనవే. మొదటిదానికి జవాబు చెప్పి రెండవదానిని దాటిపోవు బోధకుడు సగము పాఠమే చెప్పినవాడగును. కావున ఈ నెల మనము రెంటిని కలిపి ధ్యానింతము.

ఇందుకు రోమను కతోలిక సంఘముల చరిత్రనుండి ఒక ఉదాహరణము తీసికొందము. మన దేవాలయమును, ఆర్.సి.యం. దేవాలయమును పక్క పక్కనే ఉన్న గ్రామములు అనేకములు కలవు. బోధలో మనకును వారికిని భేదములు కలవు. అయితే వానకు దేవాలయపు కప్పు కారినప్పుడు ఉభయులకు ఉన్న మార్గము ఒక్కటే. అది విశ్వాసుల కానుక.

1. సొమ్ము ఎవరిది?

దేవాలయ నిర్మాణము కొరకు జనులు బంగారమును వెండిని విస్తారముగా తెచ్చినప్పుడు దావీదు రాజు అతిశయపడలేదు. సమస్తమును దేవునివలననే కలిగెను గనుక ఆయన చేతిలోనిదే తిరిగి ఆయనకు ఇచ్చితిమని ఒప్పుకొనెను (1 దినవృత్తాంతములు 29:14). క్రైస్తవ గృహనిర్వాహకత్వమునకు ఇదే పునాది. ధాన్యపు కొట్టు తాళపుచెవి చేతనున్నవాడు కొట్టుకు యజమానుడు కాడు. యజమానుడు వచ్చి అడుగు దినమున లెక్క చెప్పవలసినవాడు.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. తాళపుచెవి ఇద్దరి చేతిలో నున్నది. ఇంటిలో విశ్వాసి చేతిలో ఒకటి, సంఘములో కాపరి, పెద్దలు, కోశాధికారి చేతిలో ఒకటి. ఇచ్చువాడును గృహనిర్వాహకుడే, పుచ్చుకొనువాడును గృహనిర్వాహకుడే.

2. బలవంతపు దశమభాగము

పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున ఐర్లండు దేశ ప్రజలలో అత్యధికులు కతోలికులు. అయినను రాజ్యము స్థాపించిన సంఘము ఆంగ్లికను సంఘము. దాని గురువుల పోషణకు కతోలిక రైతులు సహితము చట్టము చొప్పున దశమభాగము చెల్లింపవలసి యుండెను. పశువులను మేపు పచ్చిక బీళ్ళకు చాలాకాలము మినహాయింపు ఉండెను. కలవారి బీడు తప్పించుకొనెను. కొన్ని ప్రాంతములలో బీదవాని బంగాళాదుంపల మడి మాత్రము చిక్కెను.

1831లో జనులు చెల్లింపము అని తిరుగబడిరి. బాకీ పడినవారి పశువులను జప్తు చేయుటకు పోలీసులును సైనికులును వచ్చిరి. 1834 డిసెంబరు 18న, క్రిస్మసుకు వారము రోజుల ముందు, కార్కు జిల్లాలో రాత్‌కార్మక్ సమీపమున రయన్ అను విధవరాలి బాకీ వసూలు చేయుటకు ఒక ఆంగ్లికను గురువు సైనికులను వెంటబెట్టుకొని వచ్చెను. జనులు అడ్డగించిరి; సైనికులు కాల్చిరి; అనేకులు మరణించిరి.

మార్కు సువార్త 12వ అధ్యాయమును మరల చదువుడి. బీద విధవరాలు రెండు కాసులు వేసిన సంగతికి ముందే, విధవరాండ్ర యిండ్లను మ్రింగివేయు శాస్త్రులను ప్రభువు గద్దించెను. మనము తరచుగా రెండు కాసులను గూర్చి బోధించి, ముందున్న గద్దింపును విడిచిపెట్టుదుము. ఆ విధవరాలిని మెచ్చుకొనిన నోరే ఆమె యింటిని దోచువారిని ఖండించెను. ఐర్లండులో జరిగినది ప్రొటెస్టంటు సంఘము పేరట జరిగెను గనుక దీనిని చెప్పుట మనకు మరింత అవసరము. 1838లో దశమభాగము తగ్గింపబడి భూస్వాముల మీదికి మార్చబడెను. 1869లో చేయబడిన చట్టమువలన 1871 జనవరి 1 నుండి ఆ సంఘము రాజ్యసంబంధమునుండి విడదీయబడెను.

3. ఇష్టపూర్వకమైన కానుక

ఆ బీద కతోలికులే, చట్టపు భారము మోయుచునే, తమ గురువులను తాము పోషించుకొనిరి. క్రిస్మసుకును ఈస్టరుకును ప్రతి యింటివారు తమ వంతు ఇచ్చిరి. బాప్తిస్మమునకు, వివాహమునకు, సమాధి కార్యమునకు కానుకలు ఇచ్చిరి. ఆ శతాబ్దములో వారి విచారణలలో వందలకొలది దేవాలయములు లేచెను. జప్తు చేయగా రానిది, కోరగా వచ్చెను.

అక్కడను లోపములు లేకపోలేదు. 1780ల నాటి రైట్‌బాయిలు అను రైతుల గుంపువారు దశమభాగమునే గాక తమ సొంత గురువులు పుచ్చుకొను రుసుములను కూడ తగ్గింపవలెనని పట్టుపట్టిరి. ఎవరెంత ఇచ్చిరో పేరు పేరున బలిపీఠము నొద్ద చదువు ఆచారము అనేక విచారణలలో నుండెను. కొంచెము ఇచ్చినవాడు అందరి యెదుట తల వంచుకొనవలసి వచ్చెను. చట్టము చేత కాకపోయినను సిగ్గు చేత వసూలు చేయవచ్చును. అదియు బలవంతమే. మనస్సు సిద్ధముగా నున్నయెడల, ఒకడు తనకు కలిగినదానిని బట్టి ఇచ్చినది అంగీకారమని పౌలు బోధ (2 కొరింథీయులకు 8:12).

4. లెక్క చెప్పుట

కతోలిక సంఘము 1983లో సవరించి ప్రకటించిన తన సంఘ చట్టములో ఈ విషయములను స్పష్టముగా వ్రాసికొనెను. సంఘపు అవసరతలకు తోడ్పడుట విశ్వాసుల విధియని 222వ నిబంధన చెప్పుచున్నది. అంతటితో ఆగలేదు. బీదరికమును బట్టి ఎవరికిని సంస్కారములు దొరకకుండ పోకూడదని 848వ నిబంధన. ఒక పని నిమిత్తమై ఇచ్చిన కానుకను ఆ పనికే వాడవలెనని 1267వ నిబంధన. ప్రతి విచారణలోను గురువునకు సహాయముగా ఆర్థిక సంఘము ఉండవలెనని 537వ నిబంధన. విశ్వాసులు ఇచ్చిన సొమ్మునకు విశ్వాసులకే లెక్క చెప్పవలెనని 1287వ నిబంధన. వ్రాసినంతలో అంతయు జరుగునని మనము చెప్పము. మన సంఘముల నిబంధనల సంగతియు అంతే. అయితే ఇచ్చువాని విధియు పుచ్చుకొనువాని విధియు ఒకే పుస్తకములో వ్రాసికొనుట మంచిది.

ఇది పౌలు మాదిరియే. యెరూషలేములోని బీద పరిశుద్ధుల కొరకు చందా పోగుచేసినప్పుడు ఆయన అపొస్తలుడనని ఒంటరిగా మూట కట్టుకొని పోలేదు. సంఘములు ఏర్పరచిన మనుష్యులను వెంట నుంచుకొనెను. ఇంత గొప్ప ధర్మము విషయమై ఎవడును తన మీద తప్పు మోపకుండ జాగ్రత్తపడెను (2 కొరింథీయులకు 8:19-21). పౌలునకే అవసరమైన జాగ్రత్త మనకు అక్కరలేదా?

5. మన సంఘములో

1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందిన అజరయ్య గారు క్రైస్తవుల ఈవిని గూర్చి ఒక గ్రంథమే వ్రాసిరి. తెలుగు సంఘములలో మన తల్లులు ఎసరు పెట్టునప్పుడు పిడికెడు బియ్యము వేరుగా ఉంచు అలవాటు మనకు తెలిసినదే. అందులో మూడు మేలులు కలవు. ప్రతిదినము జరుగును. కూలి ఇంటిలోను జరుగును. ఎవరి పిడికిలి ఎంతయో ఎవరును చూడరు. వారములో మొదటి దినమున ప్రతివాడును తన వర్ధిల్లిన కొలది తీసి ఉంచవలెనని పౌలు చెప్పినది ఇట్టిదే గదా! కోతపండుగ వేలములో గుమ్మడికాయకు పెద్ద ధర పాడుట సంతోషమే. కాని ఏటికొక దినపు ఉత్సాహము పండ్రెండు నెలల దీపమును వెలిగింపదు.

కావున కొన్ని మాటలు పాటింతము. ఇంటి ఖర్చు పోగా మిగిలినది కాక, ముందుగా తీసి ఉంచినది తెత్తము. చందా బాకీని బట్టి ఎవరి బిడ్డ బాప్తిస్మమును, ఎవరి పెద్దల సమాధి కార్యమును ఆపకుందము. చేతి ఫోను ద్వారా పంపినదైనను, పళ్లెములో వేసినదైనను, ఒకే పుస్తకములోనికి రానిత్తము. కానుకను ఒక్కరు కాక ఇద్దరు లెక్కింపవలెను. మూడు నెలలకొకసారి వచ్చినది, ఖర్చైనది సంఘము ఎదుట చదువవలెను. మొత్తమును చదువుడి; పేర్లను చదువవద్దు. కాపరి జీతమును ఆ లెక్కలోనే కనబడవలెను. మేము కాపరులము గనుక ఈ మాట మా తట్టునుండి ముందుగా రావలెను.

లెక్క అడుగుట అవిశ్వాసము కాదు. లెక్క చెప్పుట అవమానము కాదు. లెక్క మూసి ఉంచిన చోట బీదవాని రెండు కాసులు భారమగును. తెరచి ఉంచిన చోట అవి ఆరాధన యగును.

కూటములలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. మన సంఘములో కొంచెము ఇచ్చువారు సిగ్గుపడు సందర్భములు ఏవైన కలవా? వాటిని ఎట్లు తీసివేయవచ్చును?
2. సంఘపు లెక్కలను చివరిసారి ఎప్పుడు వింటిమి?
3. మన యింటిలో దేవుని భాగము మొదట తీయుచున్నామా, చివర వెదకుచున్నామా?