జీపీఎస్ లేని ట్రాకర్ గురించి అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు,

భీమవరం నుంచి విశాఖ పోర్టుకు వెళ్లే రొయ్యల లారీల్లో, పెట్టెల మధ్య పెట్టే ట్రాకర్‌ని ప్రాజెక్టుగా తీసుకున్నానని రాశావు. జీపీఎస్ లేకుండా సెల్ టవర్లతోనే చోటు కనిపెడతానంటే మీ క్లాసులో ఎవరూ నమ్మడం లేదన్నావు. 2007 నవంబరులో గూగుల్ మ్యాప్స్‌లో ‘మై లొకేషన్’ వచ్చినప్పుడు చాలా ఫోన్లలో జీపీఎస్ లేదని వాళ్లకు చెప్పు. ఫోను ఏ టవర్‌ని పట్టుకుందో చూసి మ్యాప్ మీద నీలం చుక్క పెట్టేవాళ్లు, చుట్టూ లేత నీలం వలయం వేసేవాళ్లు. నేను నీకు చెప్పాలనుకున్నది ఆ వలయం గురించే. రిపోర్టులో ఎక్కడ అక్షాంశ రేఖాంశాలు రాసినా పక్కనే ‘ఇన్ని మీటర్లు అటూ ఇటూ’ అని రాయాలి. అది లేని లొకేషన్‌ని నేనైతే ఒప్పుకోను.

నీ లారీలో జీపీఎస్ ఎందుకు కష్టమో ముందు చూడు. ఆ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. వాటి సిగ్నల్ నేల మీదికి వచ్చేసరికి మైనస్ 130 డీబీఎమ్ దగ్గర ఉంటుంది, అదీ ఆరుబయట ఆకాశం కనిపిస్తుంటే. 4జీ సిగ్నల్ మైనస్ 100 ఉన్నా ట్రాకర్‌లోని మాడ్యూల్ హాయిగా పనిచేస్తుంది. ఆ 30 డీబీల తేడా అంటే వెయ్యి రెట్లు. చల్లదనం పోకుండా బిగించిన రేకుల బాడీలో టవర్ సిగ్నల్ కూడా తగ్గుతుంది కానీ, తలుపు అంచుల్లోంచి చొరబడిన కాస్తా చాలాసార్లు సరిపోతుంది. బ్యాటరీ సంగతి సరే సరి. ఉపగ్రహం తన కక్ష్య వివరాలు పూర్తిగా వినిపించడానికే 30 సెకన్ల దాకా పడుతుంది, అంతసేపూ చిప్ మెలకువగా ఉండాలి. టవర్ గుర్తింపుకు అదనంగా ఖర్చేమీ లేదు. ఉష్ణోగ్రత రీడింగ్ పంపాలంటే మాడ్యూల్ ఎలాగూ ఏదో ఒక టవర్‌లో నమోదు కావాలి కదా, అప్పుడే ఆ టవర్ ఏదో దానికి తెలిసిపోతుంది.

ఇక నువ్వు పంపిన లాగ్. అందులో నీ కంట పడకుండా పోయినదొకటి ఉంది, నెమ్మదిగా చదువు. మాడ్యూల్‌కి ఏటీ+సీఈఆర్‌ఈజీ=2 అని ఇచ్చి, తర్వాత అదే కమాండ్ ప్రశ్నార్థకంతో అడిగితే ట్రాకింగ్ ఏరియా కోడ్, సెల్ ఐడీ వస్తాయి. నీ లాగ్‌లో సెల్ ఐడీ 01388015 అని ఉంది. అన్నీ అంకెలే ఉన్నాయని నువ్వు దాన్ని మామూలు సంఖ్యగా తీసుకుని డేటాబేస్‌లో వెతికావు, దొరకలేదన్నావు. అది హెక్స్, అంటే 16 ఆధారంగా రాసే సంఖ్య, అమ్మలూ. అందులో అక్షరం ఒక్కటీ పడలేదు, అంతే. 4జీలో ఈ సంఖ్య 28 బిట్లు, అంటే ఏడు హెక్స్ అంకెలు, లాగ్‌లోని మొదటి సున్నాని వదిలెయ్. చివరి రెండూ సెల్‌వి, ముందున్న ఐదూ టవర్‌వి. 13880ని మన లెక్కలోకి మారిస్తే టవర్ నంబరు 80000. 15ని మారిస్తే సెల్ నంబరు 21. మొత్తం కలిపి 80000ని 256తో హెచ్చించి 21 కలుపు, 2,04,80,021 వస్తుంది. వెతకాల్సింది ఆ సంఖ్యని. 1388015నే 256తో భాగిస్తే 5421వ టవర్, 239వ సెల్ అవుతాయి. అది లేదు కాబట్టి సరిపోయింది. ఉంటే లారీ ఇంకెక్కడో ఉందని నమ్మేదానివి. ఏరియా కోడ్ కూడా హెక్సే. వీటికి ముందు దేశం కోడ్ (మనకు 404 లేదా 405), నెట్‌వర్క్ కోడ్ కూడా చేర్చాలి. 4జీలో ఈ రెండు కోడ్‌లూ సెల్ ఐడీతో కలిస్తే ప్రపంచంలో ఆ సెల్ ఒక్కటే అవుతుంది, డేటాబేస్‌లో వెతకడానికి మాత్రం ఏరియా కోడ్‌తో కలిపి నాలుగూ వాడు.

సంఖ్య సరిగ్గా పట్టుకున్నాక అది ఎక్కడుందో చెప్పే డేటాబేస్ కావాలి. నువ్వు వాడుతున్న ఓపెన్‌సెల్‌ఐడీ 2008లో మొదలైంది. ఇప్పుడు దాన్ని నడుపుతున్న అన్‌వైర్డ్ ల్యాబ్స్ మన హైదరాబాద్ కంపెనీయే. జనం ఫోన్లు ఏ చోట ఏ సెల్ వినిపించిందో పంపుతాయి, ఆ కొలతల నుంచి ఒక కేంద్రం లెక్కగడతారు. అంటే నీకు వచ్చే బిందువు టవర్ నిలబడ్డ చోటు కానక్కర్లేదు. ఫోన్లు పట్టుకుని తిరిగేది రోడ్ల మీద, కాబట్టి కేంద్రం రోడ్డు వైపు జరుగుతుంది. మీ వైపు చెరువుల గట్ల మీద కొలతలు తీసేవాళ్లు ఎంతమంది ఉంటారు? అక్కడ తప్పు ఎక్కువ ఉంటుందని ముందే అనుకో. టవర్లు కూడా ఎప్పుడూ ఒకే చోట ఉండవు. మేడారం జాతరకు లారీల మీద తాత్కాలిక టవర్లు తెచ్చి పెడతారు, జాతర అయ్యాక అవి వేరే చోటికి పోతాయి. డేటాబేస్ పాత చోటునే గుర్తుపెట్టుకుని కూర్చుంటుంది.

డేటాబేసులే మూతపడతాయి కూడా. మొజిల్లా లొకేషన్ సర్వీస్ 2013లో వచ్చి 2024లో ఆగిపోయింది. అందుకే లాగ్‌లో అక్షాంశ రేఖాంశాలు మాత్రమే దాచొద్దు. నాలుగు ముడి సంఖ్యలూ, సిగ్నల్ బలం, టైమ్ తప్పనిసరిగా దాచు. రేపు మెరుగైన డేటాబేస్ దొరికితే పాత ప్రయాణాలన్నీ మళ్లీ లెక్కగట్టుకోవచ్చు.

వలయాన్ని చిన్నది చేసే మార్గాలు ఉన్నాయి. టవర్ ఫోన్‌కి చెప్పే టైమింగ్ అడ్వాన్స్ దూరాన్ని సూచిస్తుంది. 2జీలో ఒక మెట్టు దాదాపు 550 మీటర్లు, 4జీలో దాదాపు 78. దిక్కు మాత్రం చెప్పదు. పైగా సిగ్నల్ భవనాలకు తగిలి తిరిగొస్తే దూరం ఎక్కువగా కనిపిస్తుంది. పక్క సెల్స్ వివరాలు కూడా తీసుకోవచ్చు కానీ 4జీలో అవి పూర్తి ఐడీతో రావు, 0 నుంచి 503 లోపు ఒక నంబరుతో వస్తాయి. అవే నంబర్లు ప్రతి జిల్లాలోనూ తిరిగి వాడతారు. నువ్వు పట్టుకున్న సెల్ ఏదో తెలుసు కాబట్టి దాని చుట్టుపక్కల ఆ నంబరు ఎవరిదో వెతికి పోల్చాలి.

ఇంకో చిక్కు. లారీ ధాబా దగ్గర ఆగి ఉన్నా మాడ్యూల్ రెండు సెల్స్ మధ్య ఊగుతుంటుంది, మ్యాప్ మీద లారీ అటూ ఇటూ పరుగెత్తినట్టు ఉంటుంది. రెండు వలయాలు ఒకదానిమీద ఒకటి పడుతున్నంతసేపూ బండి కదలలేదనే తీసుకో. వరుసగా కొన్ని రీడింగుల్లో వలయం పూర్తిగా వేరుపడితేనే కదిలిందని రాయి. ‘లారీ తుని దాటిందా, ఇంకా రాజమండ్రి దగ్గరే ఉందా’ అన్న ప్రశ్నకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది. పోర్టు యార్డులో వందల కంటైనర్ల మధ్య నీ పెట్టె ఏదో చూపించమంటే చేతకాదు. ఆ మాట రిపోర్టులో నువ్వే ముందు రాయి, ఎగ్జామినర్ అడిగేదాకా ఆగొద్దు.

చివరగా, ఇది అన్నిటికన్నా నాకు ముఖ్యం. పెట్టె ఎక్కడుందో తెలిస్తే డ్రైవర్ ఎక్కడున్నాడో, ఎక్కడ పడుకున్నాడో కూడా తెలుస్తుంది. 2018లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకొచ్చిన కార్పెంటర్ కేసులో ఒక్క మనిషి 127 రోజుల కదలికలు 12,898 సెల్ లొకేషన్లుగా పోలీసుల చేతికొచ్చాయి. అలాంటి రికార్డు తీసుకోవాలంటే మామూలుగా వారంటు ఉండాల్సిందేనని కోర్టు తేల్చింది. బెయిల్ మీద ఉన్న మనిషి తన గూగుల్ మ్యాప్స్ పిన్ దర్యాప్తు అధికారికి ఇవ్వాలన్న షరతును మన సుప్రీంకోర్టు 2024 జూలైలో కొట్టేసింది. వలయం పెద్దదైనంత మాత్రాన మనిషి కనిపించకుండా పోడు. ట్రాకర్ పెట్టే ముందు డ్రైవర్‌కి ఏం రికార్డవుతుందో తెలుగులో వివరంగా చెప్పు, ఒప్పుకుంటేనే పెట్టు. సరుకు దిగాక ఎన్ని రోజులకు ఆ డేటా చెరిపేస్తావో కూడా చెప్పు, ఆ గడువు తప్పకు.

హెక్స్ సరిచేసిన లాగ్ పంపు, కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న