చీలిక కొన

బట్టల దుకాణమున వర్తకుడు కోరిన కొలతవద్ద అంచును కత్తెరతో అంగుళము మేర కత్తిరించి, పిదప చేతులతో సర్రున చింపును. ఆ గాటు లేనిచో చింపుట బలవంతునికిని కష్టమే. లాగుడు గాటు కొనయందు పోగుపడి, దారము వెంట దారము తెగును. లోహపు రేకులును కొంతవరకిట్లే పగులును.

దీనికి 1913లో ఇంగ్లిస్ అను శాస్త్రజ్ఞుడు లెక్క కట్టెను. లాగబడు వెడల్పైన రేకున చిన్న గుండ్రని రంధ్రమున్నచో దాని యంచున బిగువు 3 రెట్లగును. రంధ్రము కోడిగ్రుడ్డువలె లాగుడునకు అడ్డముగా సాగినదనుకొనుడు. పొడవును వెడల్పుచే భాగించి, 2చే హెచ్చించి, 1 కూడవలెను. పొడవు పదింతలైన, కొనయందు బిగువు 21 రెట్లు! బాలురు స్వయముగా గుణించి చూచుకొందురు గాక.

అయితే వేలకొలది రివెట్లుగల విమానమునకు ఇంత చిన్న సూత్రము చాలదు. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవులమీద ఎగురుచున్న అలోహా సంస్థవారి విమానపు పైకప్పులో సుమారు 18 అడుగులు ఊడిపోయెను. పరిచారిక యొకతె మరణించెను. ఆ విమానము అంతకు పూర్వము 89,000కు పైగా ప్రయాణములు చేసినది. ఎగిరినప్పుడెల్ల లోపలి గాలి యొత్తిడికి దాని దేహము ఉబ్బి, దిగినపుడు తగ్గుచుండెను. వరుసగా నున్న రివెట్టు రంధ్రములవద్ద పుట్టిన చిరు చీలికలు ఒకదానితో నొకటి కలిసినవి. విడిగా చూచిన ఏ యొక్కటియు అంత భయంకరమైనది కాదు.

ఇట్టి వస్తువును ఊహలో చిన్న తునకలుగా విభజింతురు. ఒక్కొక్క తునక ఎంత సాగునో, ఎంత వంగునో తెలుపు సమీకరణములను జతచేసి, వేలకొలదిగా కంప్యూటరుచే సాధింతురు. దీనినే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి యందురు. చిక్కంతయు చీలిక కొనయందే: అచట తునకలు మిక్కిలి సన్నముగా నుండవలెను, చీలిక ప్రాకినకొలది వానిని మరల కోయవలెను.

ఈ చిక్కుతో జీవితమంతయు పెనగినవారు మన గుడివాడలో 1945లో జన్మించి, కాకినాడ ఇంజనీరింగు కళాశాలలో చదివిన సత్య ఎన్. అట్లూరిగారు. చీలికకు సూత్రమును, చీలిక లేని దేహమునకు పెద్ద తునకలను వాడి, రెండు లెక్కలు పొసగువరకు మార్చి మార్చి కట్టు మార్గమును వారు పెంపొందించిరి. 1998లో తునకలనే విడిచి, బిందువులతోనే లెక్కించు పద్ధతిని సహచరునితో ప్రకటించిరి. 2013లో వారికి పద్మభూషణము లభించెను.

కంటికి కనబడు చీలిక ఎన్ని ప్రయాణములకు ప్రమాదస్థితికి వచ్చునో ఇట్టి లెక్కలు తెలుపును. అంతకు చాల ముందే విమానమును నిలిపి, రివెట్ల వరుసలను పరీక్షింతురు.