అప్‌డేట్ ఆగిపోతే ఫార్మాటేనా?

సెలవులకు ఇంటికి వెళ్లగానే "నువ్వు చదువుకుంటున్నావు కదరా, మా కంప్యూటర్ ఆన్ కావడం లేదు, కాస్త చూడు" అని మేనమామో, పక్కింటి అన్నో అడుగుతారు. అందులో కుల, ఆదాయ ధృవపత్రాల స్కాన్ కాపీలు, అక్క ప్రాజెక్టు రికార్డు ఉంటాయి. రిపేరు షాపుకు పట్టుకెళితే చాలాచోట్ల వినిపించే మొదటి మాట "ఫార్మాట్ కొట్టాలి". అది చివరి మందు అని తమ్ముళ్లకు చెప్పడానికే మేము ఈ వ్యాసం రాస్తున్నాము. విండోస్ పాడవడం వేరు, మన ఫైళ్లు పోవడం వేరు.

అప్‌డేట్ ఎందుకు ఆగుతుంది? సి డ్రైవు నిండిపోవడం ముఖ్య కారణం. పెద్ద అప్‌డేట్‌కు 20 జి.బి. ఖాళీ ఉంచడం మంచిది. ఒక్కోసారి సి డ్రైవు ఖాళీగా ఉన్నా ఆగుతుంది. 2024 జనవరిలో విండోస్ 10కి వచ్చిన కె.బి. 5034441 అప్‌డేట్ ఎన్నో కంప్యూటర్లలో ఎక్కలేదు. మన కంటికి కనపడని రికవరీ భాగంలో 250 ఎం.బి. ఖాళీ లేకపోవడమే కారణం. కంప్యూటర్ చెడిపోయిందని జనం ఊరికే కంగారుపడ్డారు!

మన విశాఖలో మరో రెండు ఉన్నాయి. ఒకటి పోర్టు దుమ్ము. అది ఫ్యానులో పేరుకుంటే ప్రాసెసర్ వేడెక్కి మధ్యలోనే ఆగిపోతుంది. రెండోది కరెంటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అప్‌డేట్ చెడడానికి అంత తుఫాను అక్కర్లేదు, ఒక్క క్షణం పోయినా చాలు. యు.పి.ఎస్. లేనివారు వాన రోజున అప్‌డేట్ పెట్టకూడదు.

తెర కదలకపోతే వెంటనే స్విచ్ ఆపవద్దు. డిస్కు లైటు వెలుగుతుంటే గంటో రెండు గంటలో ఆగండి. చాలాసార్లు విండోస్ తనంతట తానే పాత స్థితికి వస్తుంది. రాకపోతే, లోగో కనపడగానే పవర్ బటన్ నొక్కి పట్టి ఆర్పాలి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రిపేరు తెర వస్తుంది. అందులో ముందు స్టార్టప్ రిపేర్, తరువాత అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ప్రయత్నించాలి. అదీ కుదరకపోతే వేరే కంప్యూటర్లో ఉబుంటు పెన్‌డ్రైవ్ తయారుచేసి, దానితో ఆన్ చేసి, ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు. బిట్‌లాకర్ ఉంటే మాత్రం 48 అంకెల తాళం కావాలి. దాన్ని ముందే నోటుబుక్కులో రాసిపెట్టుకోవాలి.

పాత హార్డ్ డిస్క్ నుండి ఎస్.ఎస్.డి.కి మారేటప్పుడు సి డ్రైవు ఒక్కటే కాపీ చేస్తే కొత్తది ఆన్ కాదు. బూట్ ఫైళ్లు ఉండే చిన్న భాగం కూడా రావాలి. అందుకే డిస్కు మొత్తం క్లోన్ చేయాలి. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్కు తీగ పీకేయాలి. లేకుంటే ఏది నడుస్తున్నదో తెలియదు. పాత డిస్కు టక్ టక్ మంటుంటే క్లోనింగ్ జోలికి పోకుండా ముందు అవసరమైన ఫైళ్లే తీయాలి.

2025 అక్టోబరు 14న విండోస్ 10కి సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కి టి.పి.ఎం. 2.0 కావాలి, పాత కంప్యూటర్లలో చాలావాటికి అది లేదు. అలాంటివాటిని బలవంతంగా మార్చేకంటే లినక్స్ వేసుకోవడం మేలని మా అభిప్రాయం. ఏది చేసినా కొత్తది వారం రోజులు సరిగ్గా నడిచేదాకా పాత డిస్కును చెరపకుండా పక్కన దాచండి.