బరువు టైరా, పెద్ద టైరా?

*నా డీజిల్ థార్‌కు కంపెనీ ఇచ్చిన 255/65 ఆర్18 టైర్లు తీసేసి 285/65 ఆర్18 ఆల్ టెరైన్ టైర్లు వేయించాను. ఒక్కోటి పాతదానికంటే 8 కిలోలు ఎక్కువ తూగుతోంది. పికప్ చచ్చిపోయింది. లీటరుకు 13 ఇచ్చే బండి 11 ఇస్తోంది. బరువు తగ్గడానికి తేలికపాటి అల్లాయ్ రిమ్ములు వేయించమంటారా సార్?*
*– ఒక పాఠకుడు, కర్నూలు*

రిమ్ముల డబ్బు జేబులోనే ఉంచుకోండి. అందరూ బరువునే తిడతారు గానీ, మీ బండిని మొద్దుబార్చింది ఎక్కువగా టైరు ఎత్తు.

నాలుగు చక్రాల మీద కలిపి పెరిగింది 32 కిలోలు. వెనక తలుపుకు వేలాడే స్టెప్నీ తిరగదు కాబట్టి దాన్ని వదిలేయండి. టైరు బరువులో పెద్ద భాగం అంచున, నేలను తాకే రబ్బరులో ఉంటుంది. అక్కడున్న కిలోను ముందుకు తోయడంతో సరిపోదు, గిరగిరా తిప్పాలి కూడా. అందుకే వేగం పుంజుకునేటప్పుడు ఆ కిలో దాదాపు రెండు కిలోల పని చెబుతుంది. అలా రెట్టింపు వేసుకున్నా 60 కిలోల చిల్లర. పక్క సీట్లో ఇంకో మనిషి ఎక్కినంత. ఆ మాత్రానికి పికప్ చచ్చిపోదు.

ఎత్తు సంగతి వేరు. పాత టైరు వ్యాసం 789 మిల్లీమీటర్లు, కొత్తది 828. దాదాపు అయిదు శాతం తేడా. ఇంజనూ గేర్లూ అవే కాబట్టి ప్రతి గేరులోనూ చక్రం నేలను తోసే బలం ఆ మేరకు తగ్గింది. తిప్పే భారం వేగం పెంచేటప్పుడే తెలుస్తుంది, ఈ నష్టం మాత్రం బండి నడిచినంతసేపూ ఉంటుంది. శ్రీశైలం ఘాట్‌లో మూడో గేరులో ఎక్కిన మలుపు దగ్గర ఇప్పుడు రెండుకు దిగాల్సి వస్తోందంటే కారణం ఇదే.

మైలేజీ లెక్కలో కూడా చిన్న తిరకాసుంది. ఓడోమీటరు చక్రం చుట్లనే లెక్కపెడుతుంది, టైరు మారిన సంగతి దానికి తెలియదు. అది 400 కిలోమీటర్లు చూపిస్తే మీరు నడిపింది 420. అంటే మీ 11 నిజానికి పదకొండున్నర. మిగతా నష్టంలో పెద్ద వాటా మొరటు గళ్ల ట్రెడ్డుది, మందపాటి సైడ్‌వాల్‌ది. ఆ రబ్బరు నలిగి వేడెక్కడానికి అయ్యే ఖర్చంతా డీజిలే.

ఇక బరువు అసలు దెబ్బ కొట్టేది స్ప్రింగుల కింద. గుంతలో పడ్డప్పుడు చక్రం పైకి ఎగిరి మళ్లీ నేలకు దిగాలి. బరువు చక్రం ఆలస్యంగా దిగుతుంది, దాన్ని ఆపలేక షాక్ అబ్జార్బరు వేడెక్కుతుంది. బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు ముందే వదులవుతాయి. అయితే వీల్ బేరింగులను బరువు కంటే తొందరగా తినేది బయటికి పొడుచుకొచ్చే రిమ్ము. మీరు అడిగిన అల్లాయ్‌లలో చాలావాటికి ఆ రోగం ఉంది. ఇంతా చేసి కడుపు కింద మీకు పెరిగిన ఎత్తు రెండు సెంటీమీటర్లు! ఈ టైర్లు అరిగాక కంపెనీ సైజులోనే ఆల్ టెరైన్ వేయించండి. సర్కారు తుమ్మ ముళ్లకు, రాళ్లకు అదే సరిపోతుంది. నల్లరేగడిలో వానాకాలం దిగేవాళ్లకు మాత్రం అది చాలదు. గళ్ల మధ్య బంకమట్టి నిండి టైరు నున్నటి గుండైపోతుంది, అక్కడ మడ్ టెరైన్ తప్పదు.

*టెక్సస్‌లో ఉంటున్నాం. టకోమాకు టైర్లు మార్చాలి. షాపువాడు పది ప్లై రేటింగున్న ‘ఈ’ రకం ఎల్‌టీ టైర్లే బలం అంటున్నాడు. రోజూ ఆఫీసు, ఎప్పుడైనా యూటా కొండలు. ట్రైలరు లాగం. తీసుకోవచ్చా?*
*– ఒక పాఠకుడు, ఫ్రిస్కో*

బలం నిజమే, మీకు అక్కర్లేని బలం. అది ట్రైలర్లు లాగేవాళ్లకు, వెనక నిండా లోడు వేసేవాళ్లకు, పదునైన రాళ్ల మీద తరచూ తిరిగేవాళ్లకు. మీరు మామూలు లోడు రకంలో ఆల్ టెరైన్ తీసుకోండి. యూటాలో మరీ రాళ్ల దారులు పడతామంటే ‘సీ’ రకం చూడండి.

ఒకవేళ ‘ఈ’ రకమే వేయిస్తే గాలి దగ్గర జాగ్రత్త. డ్రైవరు తలుపు పక్క స్టిక్కరు మీద ఉన్న గాలి లెక్క బండితో వచ్చిన టైరుది. అంతే బరువు మోయడానికి ఎల్‌టీ టైరుకు ఇంకా ఎక్కువ గాలి కావాలి. ఎంతన్నది టైరు కంపెనీ లోడు పట్టికలో ఉంటుంది, షాపువాణ్ని అడిగి రాయించుకోండి. డాష్‌బోర్డు మీద గాలి దీపాన్ని నమ్ముకోవద్దు. అది స్టిక్కరు లెక్కకు 25 శాతం తగ్గాక హెచ్చరించాలన్నది అమెరికా నిబంధన. మీ కొత్త టైరుకు గాలి చాలకపోయినా దీపం వెలగకపోవచ్చు.

వేసవిలో గాలి తక్కువున్న టైరు హైవే మీద ఏమవుతుందో అమెరికా ఒకసారి చూసింది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది. వాటిలో చాలా భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకు వేసినవి. పరుగు మీద ట్రెడ్డు ఊడి బండ్లు బోల్తాపడ్డాయి, ప్రమాదాలు ఎక్కువగా వేడి రాష్ట్రాల్లోనే జరిగాయి. టైరు తయారీ లోపంతో పాటు, ఫోర్డ్ సూచించిన 26 పీఎస్ఐ గాలి మీద కూడా అప్పట్లో పెద్ద రగడ నడిచింది. ఆ ఏడే వచ్చిన చట్టం వల్లనే ఇప్పుడు మీ బండిలో ఆ దీపం ఉంది.

*బొలెరో పికప్‌లో టమాటా తోలుతాను. తోటల దగ్గర బురదలో కూరుకుపోతోందని వెనక రెండింటికీ లగ్ టైర్లు వేయించాను. ఇప్పుడు రోడ్డెక్కితే ఒకటే గోల. బేరింగ్ పోయిందంటారా?*
*– ఒక పాఠకుడు, మదనపల్లె*

బేరింగ్ విప్పించే ముందు చిన్న పరీక్ష చేయండి. బండి ఆపి టైరు మీద అరచేత్తో ముందుకు నిమరండి, తర్వాత వెనక్కి నిమరండి. ఒక వైపు నున్నగా జారి, రెండో వైపు గళ్ల అంచులు రంపంలా చేతికి గీసుకుంటే ఆ గోల టైరుదే. లగ్ గళ్లు పెద్దవి కాబట్టి తారు మీద ఒక్కో గడి ఒక అంచున ఎక్కువ అరుగుతుంది. కుడి చక్రాన్ని ఎడమకు, ఎడమదాన్ని కుడికి మార్పించండి. ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తున్న రకమైతే అలా మార్చకూడదు. నిమిరితే తేడా లేకుండా, మలుపు తిరిగేటప్పుడు మాత్రం గోల పెరిగితే అప్పుడు బేరింగ్‌ను అనుమానించండి.

తోట బురద కిలోమీటరూ మార్కెట్ దారి వంద కిలోమీటర్లూ అయితే మాత్రం లగ్ మీకు దండగ. వాన తారు మీద బ్రేకు కూడా మామూలు టైరంత పట్టదు.

*ఫోర్ వీల్ డ్రైవ్ బండికి వెనక రెండు టైర్లే అరిగాయి. రెండే కొత్తవి కొనొచ్చా?*
*– ఒక పాఠకురాలు, ఆదిలాబాద్*

టూ వీల్‌లోనే నడిపేటట్టయితే కొనొచ్చమ్మా. ఫోర్ వీల్ వేస్తే చాలా బండ్లలో ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరిగేలా బిగిసిపోతాయి. ట్రెడ్డులో అయిదు మిల్లీమీటర్ల తేడా ఉంటే వ్యాసంలో పది. కిలోమీటరు నడిచేసరికి రెండు ఇరుసుల మధ్య దాదాపు పన్నెండు మీటర్ల తేడా. బురదలో చక్రం జారి ఆ తేడా సర్దుకుంటుంది. గట్టి తారు మీద జారదు, ఆ మెలికంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. అడవి దారుల్లో ఫోర్ వీల్ తరచూ వాడుతుంటే నాలుగూ ఒకేసారి మార్చండి, పాతవాటిలో బాగున్నదాన్ని స్టెప్నీకి ఉంచుకోండి.